జర ట్యాంకు దిక్కు

ఇది ఒక మహావీరుడి గాథ. ఓడిపోయి ఊరు విడిచిన యోధుడు ఏళ్ళ తర్వాత తిరిగి వచ్చి, డీలాపడిన కుర్ర సైన్యానికి ప్రాణం పోసి, శత్రువు కోట మీద జెండా పాతిన వృత్తాంతం. చదువుతుంటే రోమాలు నిక్కబొడుచుకుంటాయి.

అని మొదలుపెట్టాలని నాకూ ఉంది. కాని ఆయన మేస్త్రి. మా ఇంటికి బాత్రూం బాగుచెయ్యడానికి వచ్చాడు. కుర్ర సైన్యం అంటే మేము, దేవరకొండ ఫుట్‌బాల్ జట్టు. శత్రువు కోట అంటే మహబూబ్‌నగర్‌లో ఒక గ్రౌండు, ఆట లేనప్పుడు అక్కడ మేకలు మేస్తాయి. రోమాల సంగతి మీ ఇష్టం.

మొన్న ఆయన పోయిన కబురు మా జట్టు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. పైన ఎవరిదో శుభోదయం, కింద అమ్మకానికి పెట్టిన పాత ఫ్రిజ్ ఫోటో, మధ్యలో ఈయన. "నార్కట్‌పల్లి చిచ్చా ఇక లేడు" అని మా కెప్టెన్ శ్రీను పెట్టాడు. దాని కింద ఇద్దరు బొటనవేలు పైకెత్తారు. వాళ్ళ ఉద్దేశం చెడ్డది కాదు. మా గ్రూపులో పెళ్ళికైనా చావుకైనా ఆ ఒక్క వేలే.

పేరు రాయను. రాసినా మా ఊళ్ళో ఎవరూ గుర్తుపట్టరు. మాకు ఆయన చిచ్చా, బాబాయి వరస. మా బాపుకు, బాపు ఈడు వాళ్ళకు మాత్రం "ట్యాంకు". ట్యాంకు అంటే భారీ మనిషిని ఊహించుకోకండి. నిచ్చెనకు చొక్కా తొడిగినట్టు ఉండేవాడు. ఆ పేరు ఒంటిని చూసి పెట్టింది కాదు, ఒక తన్నును చూసి పెట్టింది. వాళ్ళ వయసులో బాపు గోల్‌కీపరు, చిచ్చా ముందుండి గోల్స్ కొట్టేవాడు. మహబూబ్‌నగర్‌లో, అదే పాలమూరులో, ఫైనల్. ఆట అయిపోవస్తుండగా పెనాల్టీ దొరికింది. చిచ్చా కొట్టాడు. బంతి గోల్ స్తంభాన్ని పలకరించకుండా, గ్రౌండు పక్కనున్న మంచినీళ్ళ ట్యాంకు దిక్కు వెళ్ళిపోయింది. ఓడిపోయారు. ఆ రోజు నుంచి మనిషి పేరు పోయి ట్యాంకు మిగిలింది.

ఆ అవమానంతోనే ఊరు విడిచి నార్కట్‌పల్లి చేరాడని రాస్తే బాగుంటుంది. నేనూ అలాగే అనుకుని ఒకసారి జాలిగా అడిగాను.

"అవమానమేందిరా? అత్తగారిల్లు గాడ. హైవే మీద హోటళ్ళు లేస్తున్నయి, పని గాడ. ఈడ ఉండి ఏం కట్టాలె, మీ బాపు బాత్రూమా?" అన్నాడు.

చివరికి అదే కట్టాల్సి వచ్చింది. మా కొత్త బాత్రూంలో నీళ్ళు బయటికి పోయే బొక్క ఒక మూలన, నీళ్ళు ఇంకో మూలన. రెండూ ఒకరి మొహం ఒకరు చూసుకునేవి కావు. ఊళ్ళో మేస్త్రులు ఇద్దరు చూసి గోడది తప్పన్నారు. బాపు నార్కట్‌పల్లికి ఫోన్ చేశాడు.

చిచ్చాకు ఒక అలవాటు ఉండేది. ఏ ఇంట్లో అడుగుపెట్టినా ముందు చెంబెడు నీళ్ళు అడిగేవాడు. తాగడానికి అనుకుని ఇస్తే కింద పోసేవాడు. పోసి, ఆ నీళ్ళు ఎటు పోతాయో గొంతుకూర్చుని చూసేవాడు. పెళ్ళికి వెళ్ళినా ఇదే పనట. ఓ ఇంటివాళ్ళు ఏదో చేతబడి చేస్తున్నాడనుకుని బయటికి పంపించారని ఆయనే చెప్పాడు. మా బాత్రూంలో కూడా చెంబు వంచి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూశాడు. వాకిట్లో నుంచి బాపు మొదలుపెట్టాడు.

"ఏం ట్యాంకూ, నీళ్ళను గూడ అటే పంపుతవా ఏంది?"

"నీ బాత్రూం మంచి కీపర్ పటేలా. చుక్క గూడ బయటికి పోనిస్తలేదు. నువ్వు జర గిట్ల ఉంటే ఆనాడు మనం గెలుస్తుంటిమి."

బాపు ఆ మాట విననట్టు లోపలికి వెళ్ళి చాయ్ పెట్టమన్నాడు. వాళ్ళిద్దరి స్నేహం ఈ రెండు వాక్యాల మీదే బతికింది. ఎప్పుడు కలిసినా ఆయన ట్యాంకు అనేవాడు, ఈయన కీపర్ అనేవాడు, తర్వాత చాయ్ వచ్చేది.

ఇప్పుడు మా జట్టు సంగతి చెప్పాలి. చెప్పకుండా తప్పించుకునే దారి ఉంటే తప్పించుకునేవాణ్ణి. మేము ఫైనల్‌కు వచ్చాం. మా ప్రతిభ వల్ల కాదు, మా గ్రౌండు వల్ల. అది ఖిల్లా గుట్ట కింద ఉంది. ఒక పక్క గుట్ట, ఇంకో పక్క రోడ్డు. గుట్ట పక్క ఎత్తు, రోడ్డు పక్క పల్లం. బంతిని తిన్నగా కొడితే అది సగం దారిలో మనసు మార్చుకుని, రోడ్డు దిక్కు దొర్లి, మురుగునీళ్ళ మోరీలో పడుతుంది. అందుకని చిన్నప్పటి నుంచి మేము బంతిని కొంచెం గుట్ట దిక్కుగా కొడతాం. అది పోయి పోయి వాలు మీద వంపు తిరిగి, సరిగ్గా మనవాడి కాళ్ళ దగ్గరికి వస్తుంది. మాకు తెలిసిన తిన్నదనం అదే. టోర్నమెంటులో మా వైపు మ్యాచులన్నీ మా గ్రౌండులోనే పెట్టారు. వచ్చిన జట్లు సగం ఆట మోరీలో బంతి వెతకడంలో గడిపాయి. మమ్మల్ని ఫైనల్‌కు పంపింది గుట్ట.

ఫైనల్ మాత్రం మహబూబ్‌నగర్‌లో. చిచ్చా ఆనాడు ఆడిన గ్రౌండే, చదునుది. అలవాటు కోసమని ముందు వారం నల్గొండ వెళ్ళి చదును నేల మీద ఒక స్నేహపూర్వక మ్యాచ్ ఆడాం. స్నేహం వాళ్ళ వైపు నుంచే ఉంది. స్కోరు చెప్పను. రాస్తున్నవాడు మధ్యలో పెన్ను మార్చుకున్నాడు. మేము కొట్టిన బంతి ఒక్కటీ మావాడికి చేరలేదు. తిరుగు బస్సులో శ్రీను ఒక పథకం చెప్పాడు. అందరికీ జ్వరం వచ్చిందని కబురు పెడదామన్నాడు. పదకొండు మందికీ ఒకేసారి ఎట్ల వస్తదిరా అంటే, "డెంగ్యూ అందాం, నమ్ముతరు" అన్నాడు.

మా జట్టు మనోబలం అక్కడ ఉండగా, బాత్రూంలో సిమెంటు ఆరడానికి వదిలేసిన చిచ్చా సాయంత్రం గ్రౌండు గట్టు మీదికి వచ్చి కూర్చున్నాడు. కాసేపు చూశాడు. శ్రీను మమ్మల్ని తిన్నగా కొట్టించడానికి నానా పాట్లు పడుతున్నాడు. తిన్నగా కొట్టిన ప్రతి బంతీ మోరీలోకి పోతోంది. మా వెనక లైనులో ఆడే సలీం తడిసిన బంతిని తెచ్చి తెచ్చి విసిగిపోయి, "ఇగ నేను మోరీల్నే నిలవడ్త అన్నా" అన్నాడు.

చిచ్చా దిగి వచ్చాడు. "నల్గొండల బంతులు ఎటు పోయినయిరా?"

"ఎటువడితే అటు పోయినయి చిచ్చా," అన్నాడు శ్రీను.

"ఎటువడితే అటు పోవు. గ్రౌండు పక్క ఎత్తుగ ఏముండె?"

శ్రీను ఆలోచించాడు. "సెల్ టవర్ ఉండె."

"అన్ని అటే పోయినయా?"

అన్నీ అటే పోయాయి. మా కాళ్ళకు ఒక గుట్ట కావాలి. గుట్ట లేని చోట ఏది ఎత్తుగా కనబడితే అదే గుట్ట అనుకుని అటు కొడుతున్నాయి. ఈ సంగతి మాలో ఎవరికీ తోచలేదు. ఆయనకు తోచడానికి కారణం ఏమిటో అడగాల్సిన పని లేదు, ఆయనా ఈ గుట్ట కిందే ఆట నేర్చుకున్నాడు.

"పాలమూర్ల ట్యాంకుంటది," అన్నాడు చిచ్చా, మెల్లగా.

"మరి వారంల సక్కగ కొట్టుడు నేర్పుతవా?" అన్నాడు శ్రీను.

"వారంల ఏం రాదు బిడ్డా. పుట్టుకతోటి వచ్చిన వంకర." గట్టు పక్కన పడి ఉన్న ఇటుక ముక్క ఒకటి తీశాడు. "మేడ కట్టంగ చూసిన్రా? కిందోడు ఇటుక విసురుతడు, పైనోడు పడ్తడు. కిందోడు ఒక్కొక్కడు ఒక్కొక్క తీరు విసురుతడు. వాన్ని మారుస్త అని కూసుంటే గోడ లేవది. పైన పట్టేటోడే జర జరుగుతడు. మీరు గూడ కొట్టుడు మార్చకున్రి. నిలవడుడు మార్చున్రి. వాడు ట్యాంకు దిక్కే కొడ్తడు. నువ్వు ముందుగాలనే జర ట్యాంకు దిక్కు జరిగి నిలవడు. అంతే."

చెప్పడానికి అంతే. వారం రోజులు రోడ్డవతల బీడు చెల్క తడిపి చదును చేయించి, ఎవరో కిరాయికి ఇచ్చిన టెంటు కర్రను ట్యాంకు అనుకుని, మమ్మల్ని నిలబెట్టాడు. పరుగెత్తనివ్వలేదు. ఎవడైనా ఆవేశంగా పరుగు తీస్తే, "ఉరుకుడు కుక్కకు గూడొస్తది. నిలవడుడు నేర్చుకో" అనేవాడు. పాస్ అనే మాట ఆయన నోట వినలేదు. "అందియ్, అందియ్" అనేవాడు, కూలీల మీద అరిచినట్టే. తాను బంతిని తాకేవాడు కాదు. దొర్లి వస్తే కూడా పక్కకు జరిగి పోనిచ్చేవాడు, బురద నీళ్ళు మీద పడతాయని జరిగినట్టు.

ఒకసారి నేనే అడిగాను. "నువ్వొక్కటి కొట్టు చిచ్చా, చూస్తం."

"నాకెందుకురా."

"ఆనాటిది మనసుల ఉందా?"

మోకాలికి కట్టుకున్న దస్తీ విప్పి మళ్ళీ కట్టుకున్నాడు. అది ఆయన ఆలోచించే తీరు. "మా పోరనికి నేను ఆడిన్నని ఎరుక లేదు. ఇంట్ల ఎన్నడు చెప్పలే. ఏమని చెప్పాలె? ఆడిన, ఓడగొట్టిన అనా? పిల్లలకు చెప్పుకోనీకి ఒక్కటన్న ఉండాలె గద. ఒక్కటుంటే సాలు." నేను ఏదో జోకు వెయ్యబోయాను. తట్టలేదు. నాకు అది అరుదు.

ఫైనల్ రోజు ఉదయం మమ్మల్ని గ్రౌండు మధ్యలోకి తీసుకుపోయి, చేతిలోని సీసా వంచి నీళ్ళు పోశాడు. అందరం గుండ్రంగా నిలబడి చూశాం. అవతలి జట్టు వాళ్ళు కూడా ఏదో పూజ జరుగుతోందనుకుని దూరం నుంచి చూశారు.

"చూసిన్రా? ఎటు పోలే. నేల సాపుగుంది. బంతి గూడ గంతే, కొట్టినకాడికే పోతది," అన్నాడు గంభీరంగా.

నిజానికి నీళ్ళు ఎటూ పోకపోవడానికి కారణం ఇంకిపోవడం. పాలమూరు నేల, ఎండాకాలం. కాని ఆ క్షణంలో ఎవరూ ఆ మాట అనలేదు. పెద్దమనిషి ముఖం చూసి నేను కూడా అనలేదు.

మా చొక్కాలు ఒక విత్తనాల దుకాణం వాళ్ళు ఇచ్చినవి. వీపు మీద "అధిక దిగుబడి" అని ఉంటుంది. మొదటి సగంలో ఆ మాట కొంత నిలబెట్టుకున్నాం. మా బంతులు ఎప్పటిలాగే ట్యాంకు దిక్కు పోయాయి, కాని అక్కడ మావాళ్ళు ముందే నిలబడి ఉన్నారు. అవతలివాళ్ళు మేము చూసిన దిక్కు పరుగెత్తేవారు, బంతి ఇంకో దిక్కు పోయేది. వాళ్ళకు ఇది గొప్ప ఎత్తుగడ అనిపించింది. వాళ్ళ కోచ్ మా శ్రీను కాళ్ళను దీక్షగా గమనించడం చూశాను. శ్రీను ఒక గోల్ కొట్టాడు.

రెండో సగంలో మావాళ్ళకు ధైర్యం వచ్చింది. అదే కొంప ముంచింది. ధైర్యం రాగానే నిలబడడం మానేసి పరుగెత్తడం మొదలుపెట్టారు. అవతలివాళ్ళు ఒకటి కొట్టి సమానం చేశారు. చిచ్చా గీత బయట నుంచి "జర ట్యాంకు దిక్కు! ట్యాంకు దిక్కు!" అని గొంతు చించుకున్నాడు. పక్కన డీజే. ఆయన మాట ఆయనకే వినబడలేదు.

ఈ టోర్నమెంటులో ఆడేవాళ్ళ వయసుకు కింది హద్దు పెట్టారు, పై హద్దు పెట్టడం మరిచారు. ఎవరికైనా దెబ్బ తగిలితే పనికొస్తాడని శ్రీను చిచ్చా పేరు కూడా ముందే రాయించాడు. ఇప్పుడు గీత బయటికి చూసి చెయ్యి ఊపాడు, చిచ్చాను లోపలికి రమ్మని.

"నేనాడనీకి కాదు, నిలవెట్టనీకి వస్తున్న," అన్నాడు చిచ్చా, దస్తీ బిగించుకుంటూ. ఎవరికి చెప్పాడో తెలియదు.

ఒకరు లోపలికి పోవాలంటే ఒకరు బయటికి రావాలి. నేను వచ్చాను. ఆ ఫైనల్‌కు నేను చేసిన సేవ అదే. తర్వాత చాలామంది మెచ్చుకున్నారు.

ఆయన పరుగెత్తలేదు. ఒక్కొక్కడి దగ్గరికి నడిచిపోయి, భుజం పట్టి, ఇటుక సర్దినట్టు సర్దాడు. నువ్వీడ, నువ్వాడ. సలీంను వెనక నుంచి తెచ్చి ముందు పెట్టాడు. ఆడేవాళ్ళ మధ్యలో నడుస్తున్న ఆ నెరిసిన తలను చూసి, ఎవరో పెద్దాయన ఇంటికి పోతున్నాడనుకుని, మ్యాచ్ ఆపి దారి ఇవ్వమని జనం అరిచారు. కాని మా ఆట కుదురుకుంది. బంతి మళ్ళీ మావాళ్ళ కాళ్ళకు అందసాగింది. కాసేపటికి శ్రీనును వాళ్ళ గోల్ ముందు పడేశారు. రెఫరీ పెనాల్టీ ఇచ్చాడు.

శ్రీను బంతి తీసుకుపోయి చిచ్చా చేతుల్లో పెట్టాడు.

"నాకొద్దు బిడ్డా. నువ్వు కొట్టు."

"ఇంట్ల చెప్పుకోనీకి ఒక్కటుండాలె అన్నవంట గద. ఇగో."

చిచ్చా నా దిక్కు చూశాడు. శ్రీనుకు ఆ మాట చేరవేసింది నేనేనని అర్థమైంది ఆయనకు. బంతి కింద పెట్టాడు. ట్యాంకు దిక్కు ఒకసారి చూసి తల తిప్పుకున్నాడు. సలీం మాత్రం అందరితో పాటు గీత అవతల ఉన్నా, ట్యాంకు ఉన్న దిక్కునే నిలబడ్డాడు. ఎక్కడ నిలబెడితే అక్కడే నిలబడే రకం.

కొట్టాడు. బంతి ట్యాంకు దిక్కు పోయింది.

ఈసారి అంత దూరం పోలేదు. అటు పక్క స్తంభానికి ఠంగుమని తగిలి వెనక్కి వచ్చింది. సలీం అక్కడే ఉన్నాడు కనుక వచ్చి తన్నాడు. లోపలికి పోయింది.

చిచ్చా అది చూడలేదు. ఠంగు శబ్దం వినగానే వెనక్కి తిరిగి, తల మీద చెయ్యి పెట్టుకుని మా దిక్కు నడిచి వస్తున్నాడు. వెనక పిల్లలంతా సలీం మీద పడి కుప్ప అయ్యారు. డీజే మోతలో ఆయనకు ఏ కేక ఎందుకో తెలియలేదు.

"గోలయింది చిచ్చా!" అన్నాను.

"పరాచికాలాడకురా. నేను కొట్టింది నాకెరుక లేదా?"

"నీది కాదు. మళ్ళ వచ్చింది. సలీం కొట్టిండు."

"యాడుండె వాడు?"

"నువ్వు నిలవెట్టిన కాడ్నే."

అప్పుడు వెనక్కి తిరిగి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత నా చేతిలోని సీసా తీసుకుని, మొదటిసారి నీళ్ళు కింద పోయకుండా తాగాడు.

గెలిచాక ఆయనను భుజాల మీద ఎత్తుకుని బస్టాండు దాకా తీసుకుపోయాం. ఆ ఫోటో ఇప్పటికీ గ్రూపులో తిరుగుతుంది, కింద జోహార్లు అని రాస్తారు. ఉత్సాహం కొంత ఉన్న మాట నిజమే. కాని ముఖ్యంగా ఆయన మోకాలు వంగడం లేదు, ఆటోవాడు ఎక్కువ అడిగాడు.

దేవరకొండలో దిగేసరికి హోటల్ ముందు బాపు కూర్చుని ఉన్నాడు. మేము గెలిచి తెచ్చిన కప్పు దిక్కు చూడలేదు.

"పెనాల్టీ దొరికిందట?"

"దొరికింది," అన్నాడు చిచ్చా.

"నువ్వే కొట్టినవట?"

"నేనే."

"ఎటు పోయింది?"

చిచ్చా చాయ్ ఊదుకున్నాడు. "ట్యాంకు దిక్కే."

బాపు నవ్వడం మొదలుపెట్టి ఆపలేక దగ్గాడు. చిచ్చా కూడా నవ్వాడు. ఆ నవ్వుల్లో "మరి ఇంట్ల చెప్తవా చిచ్చా?" అని అడిగాను. "ఏం చెప్పాలెరా, మళ్ళ అటే పోయిందనా?" అన్నాడు. మర్నాడు బాత్రూం పని ముగించి, కుంటుకుంటూ నార్కట్‌పల్లి బస్సెక్కాడు. ఆ తర్వాత పండగలకు ఫోన్లు తప్ప మళ్ళీ కలవలేదు.

మొన్న గ్రూపులో కబురు చూపిస్తే బాపు చొక్కా తొడుక్కుని "నడువు" అన్నాడు. మేము నార్కట్‌పల్లి చేరేసరికి మట్టి ఇచ్చి వచ్చేశారు. ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. ఆయన కొడుకు చాయ్ తెచ్చాడు. నాకంటే కొంచెం పెద్ద, టైల్స్ పని చేస్తాడట. తండ్రి పోలికే, సన్నగా.

"మీకు మా అబ్బా ఎట్ల ఎరుక సార్?"

"కలిసి ఆడినం బిడ్డా."

"ఏమాడిన్రు?"

"ఫుట్‌బాల్."

కుర్రాడు మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు, వేరే ఇంటికి వచ్చామేమో అన్నట్టు. "మా అబ్బానా? ఎన్నడు చెప్పలే."

"మంచి ఆటగాడు. మొన్న మొన్న గూడ ఆడిండు, గీ పోరగాండ్లతోటి. పాలమూర్ల, ఫైనల్." బాపు నన్ను చూపించాడు. "పెనాల్టీ కొట్టిండు."

"పెనాల్టీ అంటే గోల్ ముంగట బంతి పెట్టి కొడ్తరు, అదే గద?"

"అదే."

"గోల్ అయిందా సార్?"

ముప్పై ఏళ్ళు హోటల్ ముందు కూర్చుని, ఆ తన్ను ఎటు పోయిందో చెప్పి చెప్పి జనాన్ని నవ్వించిన మనిషి మా బాపు. నా దిక్కు చూశాడు. నేను చాయ్ గ్లాసు దిక్కు చూశాను.

"అయింది బిడ్డా," అన్నాడు. "గోలయింది. మనమే గెలిచినం."

కుర్రాడు లేచి గుమ్మం దగ్గరికి పోయి లోపలికి కేకేశాడు. "అమ్మీ, విన్నవా? అబ్బా ఫుట్‌బాల్ ఆడిండంట! ఫైనల్ల గోల్ కొట్టిండంట!" లోపల ఆడవాళ్ళ ఏడుపు కాసేపు ఆగింది. ఎవరో "ఎప్పుడు? ఎప్పుడు?" అని అడుగుతున్నారు. బాపు దస్తీతో కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

రూల్ ప్రకారం ఆ గోల్ సలీంది. పెనాల్టీ స్తంభానికి తగిలి వెనక్కి వస్తే, ఆ తర్వాత ఎవరి కాలితో లోపలికి పోతే వాళ్ళ పేరే రాస్తారు.